పెన్నా మొగను పిల్లలకు బొమ్మలో చూపించడం ఎలా?

ప్రశ్న (జీవశాస్త్ర ఉపాధ్యాయిని, నెల్లూరు జిల్లా)

అందరికీ నమస్కారం. మా ఉన్నత పాఠశాలకు వచ్చే పిల్లల్లో సగం మంది తీరగ్రామాల వారే. నదీముఖం (మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు) పాఠం కోసం పెన్నా మీది సోమశిల ఆనకట్ట నుంచి సముద్రం దాకా ఒకే పటం మీద భావచిత్రం (దేనివల్ల ఏది జరుగుతుందో బాణాలతో చూపే బొమ్మ) గీశాను. ఆనకట్ట, వరిపొలాలు, రొయ్యల గుంటలు, మడచెట్లు, చేపలు, కొంగలు, ఉప్పు మడులు, వీటన్నిటి మధ్య నలభై దాకా బాణాలు అందులో ఉన్నాయి. గీస్తున్నప్పుడు ముచ్చటగానే అనిపించింది కానీ, గోడకు తగిలించాక ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు లేచి, "మొగ పూడిపోతే ఈ బాణాలన్నీ ఎటు పోతాయి మేడమ్?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. అసలు ఇంత సంగతి ఒకే బొమ్మలో పట్టించడం సరైన పద్ధతేనా?

జవాబు 1 (పర్యావరణ శాస్త్ర విద్యార్థి, ఒంగోలు)

మేడమ్, ఆ అబ్బాయి అడిగినదే మీ బొమ్మకు అసలు విషయం. ఏది ఎక్కడ ఉందో చెప్పడానికి మ్యాపు చాలు. దేనివల్ల ఏది జరుగుతుందో చెప్పడానికే భావచిత్రం. కాబట్టి గీయడానికి ముందు ఒక్క వాక్యం రాసుకోండి. ఉదాహరణకు, "పైనుంచి వచ్చే మంచినీరు తగ్గితే ఉప్పునీరు ఏటిలోకి ఇంకా దూరం ఎక్కుతుంది." ఈ వాక్యంలో కొంగకు చోటు లేదు, అందువల్ల ఈ బొమ్మలోనూ దానికి చోటు ఉండనక్కర లేదు. సోమశిల నుంచి వచ్చే నీటి బాణం మీద మాత్రం ఒక తలుపు గుర్తు తప్పక వేయండి, ఎందుకంటే 2021 నవంబరు నాటి వరద వంటి సమయాలను మినహాయిస్తే ఆ నీరు తనంత తానుగా రాదు, మనం వదిలితేనే వస్తుంది.

ఉప్పునీరు బరువైనది కనుక అడుగున ఉలి మొనలా లోపలికి చొచ్చుకు వస్తుంది, మంచినీరు దాని మీదుగా సముద్రంలోకి జారుతుంది. దీన్ని చూపాలంటే పైనుంచి చూసినట్లు కాక, నిలువుగా కోసి చూపినట్లు గీయాలి. అయితే లోతును ఉన్న కొలతకు గీయలేము. పులికాట్ సరస్సు పొడవు సుమారు 60 కిలోమీటర్లు, సగటు లోతు ఒక మీటరుకు అటూఇటూ. ఆ పొడవును 60 సెంటీమీటర్ల కాగితం మీదికి దించితే లోతు మిల్లీమీటరులో నూరో వంతు అవుతుంది, అంటే వెంట్రుక మందం కూడా ఉండదు. లోతును పెంచి గీశామని బొమ్మ కిందే రాయకపోతే, పిల్లలు దాన్ని బావి అనుకుంటారు.

జవాబు 2 (మత్స్యకార కుటుంబం నుంచి, పాత సింగరాయకొండ వైపు)

మేడమ్, మీ విద్యార్థి ప్రశ్న చూస్తే మా నాన్నగారు గుర్తుకు వచ్చారు. మా ఇళ్లలో మొగ తెరుచుకుందా లేదా అన్నదే ఏడాది పొడవునా మాట్లాడుకునే సంగతి. ఏటి నీరు బలంగా ఉన్నంత కాలం అది ఇసుకను నెట్టివేస్తుంది, నీరు సన్నగిల్లగానే అలలు ఇసుకను తెచ్చి మేట వేస్తాయి. అందుకే ఒకటి కాదు, రెండు బొమ్మలు గీయమని నా మనవి: ఈశాన్య ఋతుపవనాల వానలు పడే కార్తీకంలో ఒకటి, ఏరు ఎండిన వైశాఖంలో ఒకటి. తీరం వెంబడి ఇసుక బాణం కూడా మారాలి. నైరుతి గాలుల కాలంలో ఇసుక ఉత్తరానికి నడుస్తుంది, ఈశాన్య గాలుల కాలంలో దక్షిణానికి తిరుగుతుంది.

రొయ్య బాణం మాత్రం రెండు బొమ్మల్లోనూ ఉంచండి. టైగరు రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది, దాని పిల్లలు పోటుతో పాటు మొగ దాటి లోపలికి వచ్చి పెరిగి, మళ్లీ సముద్రానికి వెళ్తాయి. మొగ పూడిన బొమ్మలో ఆ బాణం ఇసుక దగ్గర తెగిపోవాలి. మీ విద్యార్థి అడిగినదానికి అదే జవాబు. ఒడిశాలోని చిలికా సరస్సుకు 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్విన తరువాత ఉప్పదనం పెరిగి చేపలు, రొయ్యలు తిరిగి రావడం దీనికి మంచి ఉదాహరణ.

ఇంకొక్క మాట. బొమ్మలో "పీత" అని రాశారేమో చూడండి, మన వైపు పిల్లలకు అది ఎండ్రకాయ.

జవాబు 3 (చిత్రకారుడు, నెల్లూరు)

రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే పిల్లలు బాణాల కన్నా రంగులనే పోల్చుకుంటారని నా అనుభవం. ఏరు, తీరం, గుంటలు వంటి మారనివి కాగితం మీద గీసి, మారేవాటిని రెండు పారదర్శక షీట్ల మీద గీసి పైన కప్పండి. గుర్తులు కావాలంటే అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయపు పర్యావరణ శాస్త్ర కేంద్రం వారి చిహ్నాల భాండాగారం ఉచితంగా దొరుకుతుంది. అయితే అక్కడి చెట్లూ పక్షులూ మనవి కానివి చాలా ఉంటాయి, గూడబాతును మీరే గీసుకోవడం మేలు.

ప్రశ్నించినవారు

అందరికీ కృతజ్ఞతలు. పీత అనే రాశాను, దిద్దుతాను. పాత పటం తీసేసి, సోమవారం ఆ అబ్బాయి చేతనే వైశాఖపు షీటు మీద ఇసుక మేట గీయిస్తాను. రొయ్యల గుంటల నుంచి బయటికి వదిలే నీటి బాణం మాత్రం మొగ పూడినప్పుడు ఏటిలోనే ఆగి ఉన్నట్లు చూపాలా, లేక దానికి వేరే బొమ్మ కావాలా?

జవాబు 2 ఇచ్చినవారు

ఏటిలోనే ఆగినట్లు చూపండి మేడమ్. మొగ మూసుకున్నాక ఆ నీరు పోవడానికి మరో దారి ఉండదు, అందుకే ఆ రోజుల్లో మావాళ్లు ముందు నీటి రంగు, వాసన చూసి తరువాతే వల దించుతారు.