చెప్పిన తేదీకి కొత్త ఇల్లు సిద్ధం కాలేదు: అడ్వాన్సు ఇచ్చిన బాడుగదారుకు ఉన్న హక్కులేమిటి?

ప్రశ్న: ప్రభుత్వోపాధ్యాయుడు, నెల్లూరు

అందరికీ నమస్కారం. ఆత్మకూరు నుంచి బదిలీ మీద నెల్లూరు వచ్చాను. వేదాయపాళెంలో కొత్తగా కడుతున్న ఇంటి పై అంతస్తును వేసవిలోనే మాట్లాడుకొని, రెండు నెలల బాడుగను అడ్వాన్సుగా ఓనరు గారి ఖాతాకు పంపాను. జూన్ 1వ తేదీకి తాళాలు ఇస్తామని, పదకొండు నెలల గడువుతో స్టాంపు కాగితం మీద రాసుకున్నాం. బడులు తెరిచేలోపు పిల్లలను చేర్పించాలి కనుక తేదీ తప్పకూడదని ముందే చెప్పి, ఆ మాట కూడా కాగితంలో రాయించాను.

ఆ మాట నమ్మి పాత ఇల్లు ఖాళీ చేశాం. ఇప్పుడు సామానంతా మా బావమరిది గారి వరండాలో పట్టా కప్పుకొని ఉంది. మేము నలుగురం వాళ్ల ఇంట్లో ఒక గదిలో సర్దుకుంటున్నాం. కొత్త ఇంట్లో బాత్రూములకు టైల్స్ వేశారు గాని కొళాయిలు బిగించలేదు. స్విచ్ బోర్డులు ఉండాల్సిన చోట తీగలు వేలాడుతున్నాయి, సంపుకు మూత లేదు. ఇంతలో ఆషాఢం వచ్చింది కనుక శ్రావణంలో గృహప్రవేశం చేసుకున్న తరువాతే తాళాలు ఇస్తామని ఓనరు గారు అంటున్నారు. అంతవరకు ఒక గది తాళం తీసుకొని సామాను పెట్టుకోమని, బాడుగ మాత్రం జూన్ నుంచే లెక్క వేస్తామని చెప్పారు. ఆ బాడుగ నేను కట్టాలా? ఒప్పందం వదులుకుంటే అడ్వాన్సు పూర్తిగా వస్తుందా? రెరాకు (స్థిరాస్తి నియంత్రణ సంస్థకు) ఫిర్యాదు చేయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు, అది సరైన దారేనా?

జవాబు: న్యాయవాది, ఒంగోలు

మాస్టారు గారూ, ముందుగా ఆ ఒక్క గది తాళం తీసుకోకండి. తీసుకుంటే ఇల్లు స్వాధీనం చేసుకున్నారని, బాడుగ అప్పటి నుంచే మొదలైందని ఓనరు గారు వాదించడానికి అవకాశం ఇచ్చినట్టవుతుంది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ప్రకారం, బాడుగదారు కోరినప్పుడు ఇంటిని ఆయన స్వాధీనంలో పెట్టవలసిన బాధ్యత యజమానిది. అది జరగనిదే బాడుగ అడగడానికి ఆధారం ఉండదు, కాగితంలో వేరుగా రాసుకొని ఉంటే తప్ప. ఇక 1872 నాటి కాంట్రాక్టు చట్టం 55వ సెక్షనును మీరు జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఒప్పందానికి గడువే ప్రాణం అయినప్పుడు, ఆ గడువు తప్పితే దాన్ని రద్దు చేసుకునే హక్కు ఎదుటి పక్షానికి వస్తుంది. పిల్లల చదువు కోసం తేదీ తప్పకూడదని మీరు రాయించిన మాట ఇక్కడే మీకు అక్కరకొస్తుంది. రద్దు చేసుకుంటే 65వ సెక్షను కింద అడ్వాన్సు తిరిగి ఇవ్వవలసిందే. అలా కాకుండా, ఆలస్యమైనా ఆ ఇల్లే కావాలనుకుంటే, తాళాలు తీసుకునే సమయంలోనే ‘ఆలస్యం వల్ల కలిగిన నష్టాన్ని అడిగే హక్కును నిలుపుకుంటున్నాను’ అని తెలియజేయాలి. మొహమాటానికి పోయి మౌనంగా తాళాలు అందుకున్నవారు తరువాత నష్టపరిహారం అడగలేరని ఆ సెక్షనే చెబుతోంది.

పరిహారానికి 73వ సెక్షను ఉంది. సామాను రెండోసారి తరలించడానికి అయిన లారీ ఖర్చు, తాత్కాలిక వసతికి అయిన ఖర్చు రసీదులతో చూపితే అడగవచ్చు. అయితే నష్టాన్ని తగ్గించుకోవడానికి ఉన్న వీలును వాడుకున్నారా లేదా అన్నది కోర్టు చూస్తుంది కనుక, ఖరీదైన హోటలు బిల్లులు నిలబడవు.

రెరా మీకు వర్తించదు. 2016 నాటి ఆ చట్టం ఇల్లు కొనుక్కునేవారి కోసం వచ్చింది. బాడుగకు తీసుకున్నవారు ‘అలాటీ’ (ఇల్లు కేటాయింపు పొందినవారు) కిందకు రారని అందులోనే స్పష్టంగా రాసి ఉంది.

జవాబు: ఇళ్లు కట్టించే మేస్త్రీ, నెల్లూరు

ఓనర్ల ఇబ్బంది కూడా నాకు తెలుసు. తమ గృహప్రవేశం కాకుండా ఇంట్లో ఇంకొకరు పాలు పొంగించుకోవడానికి చాలామంది ఒప్పుకోరు, మూఢమో ఆషాఢమో వస్తే పని ఉన్నచోటే ఆగిపోతుంది. కాని పంచాంగం తేదీ ఇచ్చిన రోజున కూడా ఉంది గదా. ఆ సంగతి చూసుకోకుండా మాట ఇచ్చి, ఆ భారం బాడుగకు వచ్చేవారి మీద వేయడం న్యాయం కాదు.

శ్రావణం దాకా ఆగుదామనుకుంటే ఒక్కసారి కరెంటు మీటరు సంగతి కనుక్కోండి. పని జరిగేటప్పుడు తీసుకున్న తాత్కాలిక కనెక్షనే ఇంకా నడుస్తుంటే, రంగులు వేసినంత మాత్రాన ఇల్లు సిద్ధమైనట్టు కాదు. గృహ వినియోగం కింద సర్వీసు వచ్చిన తరువాత, మోటారు వేసి ట్యాంకుకు నీళ్లు ఎక్కుతున్నాయో లేదో మీ కళ్లతో చూసి తాళాలు తీసుకోండి. మీకు చిన్నపిల్లలు ఉన్నారు కనుక సంపు మూత విషయంలో అసలు రాజీ పడకండి.

జవాబు: గృహిణి, కావలి

అన్నా, మాకూ ఇలాగే జరిగింది. అడ్వాన్సు ఇదిగో అదిగో అంటూ తిప్పుతుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకున్నాం. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిపించి లోక్ అదాలత్‌లో మాట్లాడించారు, కోర్టు ఫీజు అడగలేదు. అక్కడ రాజీ కుదిరితే ఇచ్చే అవార్డు (తీర్పు) సివిల్ కోర్టు డిక్రీతో సమానమని చెప్పారు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. మీ కాగితం వదిన పేరు మీద ఉంటే ఆ సాయం కూడా అందుతుంది. 15100 నంబరుకు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు.

న్యాయవాది, ఒంగోలు

ఆ చెల్లెమ్మ చెప్పిన దారి మంచిది. దానికి ముందు, పదిహేను రోజుల గడువు ఇస్తూ ఓనరు గారికి ఒక ఉత్తరం రాసి, అందినట్టు రుజువు వచ్చే పద్ధతిలో పోస్టు చేయండి. అడ్వాన్సు పంపిన తేదీ, ఒప్పందంలోని గడువు, ఇంటి ప్రస్తుత స్థితి అందులో ఉండాలి. ఆయనతో జరిగిన వాట్సాప్ సంభాషణలను తొలగించకండి, ఫోను మార్చవలసి వచ్చినా పాతది దాచండి. డబ్బు కోసం దావా వేయడానికి మూడేళ్ల కాలపరిమితి ఉంది కనుక, రేపే కోర్టుకు వెళ్లాలన్న కంగారు వద్దు. ఉత్తరం మాత్రం ఈ వారంలోనే వెళ్లాలి.