ములుగు భూకంపం: నెపం ప్లేట్లదా, నీళ్లదా? (మారుపేర్లతో ఐదుగురి వాదన)

గట్టుమీద: 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగులో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్‌లోనూ తెలిసింది. అందరూ ప్లేట్ల (భూమి పైభాగంలోని పెద్ద పలకల) కదలికే కారణమంటున్నారు. ప్లేట్లు ఢీకొనేది హిమాలయాల దగ్గర, మనకేమిటి సంబంధం? గోదావరిపై వరసగా బ్యారేజీలు కట్టి నీళ్లు నిలబెట్టారు. ఆ మాట ఎవరూ ఎత్తరేం?

రాళ్లమాస్టారు: భారత ప్లేటు ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతోంది. అక్కడ ఆసియా అడ్డు. ఆ ఒత్తిడి ప్లేటు నడిమి దాకా పాకుతుంది. గోదావరి లోయ కోట్ల ఏళ్ల కిందట నేల చీలబోయి ఆగిన చోటు. సింగరేణి బొగ్గు పేరుకున్నది ఆ పల్లంలోనే. అతికించిన కుండను నొక్కితే పాత పగులే విడుతుంది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. అప్పుడు ఏ బ్యారేజీ ఉంది?

కాలక్షేపం: ధవళేశ్వరం ఉంది కదా మాస్టారూ, కాటన్ దొర కాలం నుంచి!

గట్టుమీద: మహారాష్ట్రలోని కొయ్నా ఆనకట్టను మరిచారా? 1962లో జలాశయం నింపడం మొదలుపెట్టారు, 1967 డిసెంబర్‌లో 6.3 వచ్చింది.

రాళ్లమాస్టారు: కొయ్నా ప్రకంపనలు ఎక్కువగా పది కిలోమీటర్ల లోతు లోపలివే. ములుగుది 40 కిలోమీటర్లని ప్రకటించారు. అంటే భూమి పైపొర అట్టడుగున. అంత లోతుకు బ్యారేజీ బరువు సోదిలోకి రాదు. కొయ్నాలోనైనా ఒత్తిడి ముందే ఉంది. నీళ్లు దాన్ని విడిపించాయంతే.

గట్టుమీద: 40 ఎవరు కొలిచారు? దిగి చూశారా?

పరిశీలకురాలు: భూకంప అలలు వాటిని నమోదు చేసే ఒక్కో కేంద్రానికి చేరిన సమయాన్ని బట్టి లెక్కగడతారండీ. దగ్గరలో కేంద్రాలు తక్కువైతే లోతు లెక్క అటూఇటూ అవుతుంది. మాస్టారు ఆ 40ని శాసనంలా పట్టుకోవడమూ సరికాదు.

రాళ్లమాస్టారు: అటూఇటూ అయినంత మాత్రాన 40 కాస్తా 5 అయిపోదు.

గట్టుమీద: మీకు లెక్కలు కావాలి. మాది కొత్త ఇల్లు. వంటింటి కిటికీ మూల నుంచి పైకప్పు దాకా గోడ ఏటవాలుగా పగిలింది. కట్టినాయన్ను అడిగితే "ప్లేట్లు కదిలితే నేనేం చేయను సార్" అన్నాడు! ప్లేట్లు అనగానే ప్రతివాడూ చేతులు దులుపుకోవడమే. నీళ్లన్నామనుకోండి, కనీసం నిలబెట్టి అడగడానికి ఒక మనిషి ఉంటాడు.

హన్మకొండ: మా పాత పెంకుటిల్లు చెక్కుచెదరలేదు.

రాళ్లమాస్టారు: గట్టుమీద గారూ, గోడ పగిలిన మాట ముందే అనాల్సింది. కిటికీ మీది లింటెల్‌ను గోడలన్నిటి చుట్టూ పట్టీలా పోశారా, కిటికీ మేరకే ఆపారా?

గట్టుమీద: కిటికీ మేరకే. మళ్లీ మాట మారుస్తున్నారు.

రాళ్లమాస్టారు: మార్చడం లేదు. భూమి ఊగినప్పుడు గోడల్ని కలిపి పట్టేది ఆ పట్టీయే. మీరు నిలబెట్టి అడగాల్సిన మనిషి దాన్ని పోయనివాడే. ఇంటి ప్లాను నకలు ఉందా?