గార పండ్లకు (ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల మచ్చలు పడ్డ దంతాలకు) చికిత్స: బీడీఎస్ పిల్లలకు ముందు వెనీర్ కోత నేర్పాలా, కోత లేని పద్ధతులా?

కన్జర్వేటివ్_టీచర్ (నల్గొండ)

ఫైనలియర్ ఎస్తటిక్ పోస్టింగ్‌లో చాలాచోట్ల మొదటి పాఠం టైపోడాంట్ (ప్లాస్టిక్ పండ్ల నమూనా) మీద వెనీర్ ప్రిపరేషన్, అంటే పలచటి పెంకు అతికించడానికి పంటి ముఖాన్ని చెక్కడం. బ్లీచింగ్, మైక్రోఅబ్రేషన్ (యాసిడ్, గరుకు పొడితో మచ్చను రుద్ది తీయడం) థియరీ క్లాసులోనే అయిపోతాయి. మన జిల్లాలో ఈ వరుస తిరగబడాలని నా వాదన.

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు నుంచి వచ్చే గార పండ్ల పేషెంట్లలో ఎక్కువమంది మిషన్ భగీరథ తాగునీళ్ళు రాకముందు పుట్టిన పిల్లలు. పైదవడ ముందు పండ్ల కిరీటం నాలుగైదేళ్ళ వయసులోపే తయారైపోతుంది కాబట్టి అప్పుడు తాగిన బోరు నీళ్ళ ముద్ర ఇప్పుడు కనబడుతోంది. వీళ్ళ వయసు పద్దెనిమిది, ఇరవై. ఈ వయసులో ఆరు పండ్లు చెక్కితే పోయిన ఎనామెల్ (పంటి గట్టి పైపొర) తిరిగి రాదు. వెనీర్ మార్చాల్సి వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త పోతుంది.

అందుకని నేననేది ఇదీ. టీఎఫ్ ఇండెక్స్ (గార తీవ్రతకు 0 నుంచి 9 దాకా ఇచ్చే అంకె) స్కోరింగ్, బ్లీచింగ్, మైక్రోఅబ్రేషన్, రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ (మచ్చలోకి పలచటి రెజిన్ ఇంకించడం), కాంపోజిట్ (పంటి రంగు రెజిన్ ముద్దతో కప్పడం), ఈ వరుసలో చేతితో చేసి చూపించిన విద్యార్థికే చివర్లో వెనీర్ బర్ (చెక్కే మొన) ఇవ్వాలి. స్కోరింగ్ ఎందుకు ముందంటే, పన్ను ఆరబెట్టి చూడకపోతే తక్కువ అంకెల మధ్య తేడా సరిగ్గా తెలియదు. 4 దాకా ఉపరితలం గుంటలు లేకుండా ఉంటుంది, 5 నుంచి గుంటలు మొదలవుతాయి, 7 నుంచి పైపొర ఊడిపోయి ఉంటుంది. చికిత్స మొత్తం ఆ అంకె మీదే ఆధారపడుతుంది.

పాలమూరు_డెంటిస్ట్

సర్, మీ బాధ అర్థమైంది. కానీ ఒప్పుకోను. కాలేజీల వెనీర్ నేర్పకపోతే పిల్లలు వెనీర్ చెయ్యకుండా ఉంటరా? ఇంటర్న్‌షిప్ అయినంక దేవరకొండలనో వనపర్తిలనో ఒక్క కుర్చీతోని క్లినిక్ పెడతరు. లగ్గం నెలరోజులు ఉందనంగ వచ్చిన పిల్ల "తెల్లగ చెయ్యండి" అంటది. అప్పుడు ఎవరి పర్యవేక్షణా లేకుండ మొదటిసారి చెక్కేది ఆ పిల్ల పంటి మీదనే. తప్పు చేస్తే ప్లాస్టిక్ పంటి మీద, టీచర్ ముందట చెయ్యాలె.

వెనీర్‌ల పోయేది ఎక్కడో కూడా చెప్పుకుందాం. చిగురు దగ్గర ఎనామెల్ మందం 0.3, 0.4 మిల్లీమీటర్లే. అక్కడ 0.5 తీస్తే డెంటిన్‌లకి (ఎనామెల్ కింది పొరలకి) పోయినట్టే. బంధం బలం తగ్గుతది, జివ్వుమంటది, అంచు తొందరగ నల్లబడ్తది. చిగురు దగ్గర 0.3, నడుమ 0.5, అంచు వైపు 0.5 నుంచి 0.7. ఇది చెప్పుడు సులువు, చేతికి రావాలంటే డెప్త్ కట్ బర్‌తోని (లోతు హద్దు ఉన్న మొనతోని) గాడులు పెట్టి, వాటిల పెన్సిల్ గీసి, గీత మాయమయ్యేదాక మాత్రమే తీసుడు అలవాటు కావాలె. ముందు పంటి ముఖం వంపు తిరిగి ఉంటది కనుక బర్‌ను ఒక్క వాలులనే నడిపితే నడిమి భాగం లోతుకు పోతది, అదే అందరు చేసే తప్పు. రెండు వాలులల్ల తీయాలె. కొత్త చెయ్యికి సిలికాన్ పుట్టీ ఇండెక్స్ (ఎంత చెక్కినమో సరిచూసే పంటి అచ్చు) లేకుండ బర్ ముట్టనియ్యొద్దు.

ఇంత పని చివరి రెండు వారాలల్ల వస్తదా?

పీజీ_రెండో_ఏడు

పాలమూరు అన్న చెప్పిన లోతులన్నీ సరైనవే. ప్లాస్టిక్ పంటితోనే అసలు చిక్కు. దానికి ఎనామెల్, డెంటిన్ తేడా లేదు. చేతికి తగలదు, రంగు మారదు. యాసిడ్ పెడితే తెల్లగా మంచు పట్టినట్టు అవ్వదు. గార పన్ను మామూలు పన్ను కూడా కాదు: పైపొర గట్టిగా ఖనిజం పట్టి ఉంటుంది, దాని కింద సన్నటి రంధ్రాలతో గుల్లగా ఉంటుంది. మామూలు పంటికి 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ 15, 30 సెకన్లు సరిపోతే దీనికి 60 దాకా కావాలి, లేదా ముందు పైపొరను సన్నటి డైమండ్‌తో తేలిగ్గా గీకాలి. సెల్ఫ్ ఎచ్ బాండ్ (విడిగా యాసిడ్ పెట్టకుండా పూసే జిగురు) ఒక్కటే పూసి వదిలేస్తే పట్టు నిలవదు. ఇదేదీ టైపోడాంట్ నేర్పదు.

తీసేసిన పండ్లు వాడండి. చిగుళ్ళ జబ్బుతో వదులైపోయి పీకిన గార పండ్లు ఈ జిల్లాలో ఏ విభాగానికైనా దొరుకుతాయి. పేషెంటు అనుమతి తీసుకుని, శుభ్రం చేసి, 40 నిమిషాలు ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిమిశుద్ధి) చేసి, తడి పోకుండా ఉంచాలి. ఆరిపోతే పెళుసుబారి పగుళ్ళు వస్తాయి. అమాల్గమ్ నింపిన పన్ను మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు, పాదరసం ఆవిరవుతుంది. దాన్ని 10 శాతం ఫార్మలిన్‌లో రెండు వారాలు ఉంచాలి.

ఇంటర్న్_మిర్యాలగూడ

సర్, మైక్రోఅబ్రేషన్ క్లినిక్‌లో ఎవరూ చేయించరు. యాసిడ్ అని భయం. ఎంతసేపు చెయ్యాలో, ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది?

కన్జర్వేటివ్_టీచర్ (నల్గొండ)

భయం అవసరమే, దాన్ని పద్ధతిలో పెట్టాలి. ముందు చిగుళ్ళకు వాజెలిన్, రబ్బర్ డ్యామ్ (పంటిని మిగతా నోటి నుంచి వేరుచేసే రబ్బరు తెర), డ్యామ్ అంచున బేకింగ్ సోడా ముద్ద. పేషెంటుకీ నీకూ కళ్ళద్దాలు. 6.6 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్, సిలికాన్ కార్బైడ్ కలిసిన రెడీమేడ్ పేస్టైతే స్లో స్పీడ్‌లో రబ్బర్ కప్పుతో, కంపెనీ చెప్పిన సమయం ప్రకారం. 18 శాతం యాసిడ్, ప్యూమిస్ కలిపే పాత పద్ధతైతే ఒక్కో దఫా 5 నుంచి 10 సెకన్లే. ప్రతి దఫాకీ బాగా కడిగి, పన్ను తడిగా ఉన్నప్పుడే చూడాలి. ఆరితే లేని తెలుపు కనబడుతుంది. మూడు నాలుగు దఫాలకు గోధుమ రంగు ఏమాత్రం తగ్గకపోతే మచ్చ లోతుగా ఉన్నట్టు, అక్కడ ఆపు. పక్కనుంచి, అంచు వైపునుంచి చూడు: పంటి ముఖం చదునవుతున్నా ఆపు. అయ్యాక 2 శాతం న్యూట్రల్ సోడియం ఫ్లోరైడ్ జెల్ 4 నిమిషాలు.

గోధుమ మచ్చకు ఇది మంచి పని చేస్తుంది. సుద్ద తెలుపుకు ఇన్‌ఫిల్ట్రేషన్ నయం. 15 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ 2 నిమిషాలు, కడిగి ఆరబెట్టి, ఇథనాల్ 30 సెకన్లు. ఇథనాల్ తడికి మచ్చ మాయమైతే రెజిన్‌కూ మాయమవుతుంది. కాకపోతే మళ్ళీ యాసిడ్, అంతేగాని రెజిన్ పూసి ఆశపడొద్దు.

పాలమూరు డాక్టర్ గారూ, లగ్గం పిల్ల సంగతికి లెక్క చూడండి. 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ (బ్లీచింగ్ జెల్) ట్రేలో రాత్రిపూట రెండు మూడు వారాలు. కాంపోజిట్ అతికించాలంటే బ్లీచింగ్ ఆపాక ఇంకో రెండు వారాలు, ఎందుకంటే పంటిలో మిగిలిన ఆక్సిజన్ రెజిన్‌ను గట్టిపడనివ్వదు. మొత్తం నాలుగు నుంచి అయిదు వారాలు. నెల గడువులో ఇది పట్టడం కష్టం. ఆ సంగతి పేషెంటుకు మొదటి రోజే చెప్పగలగడం కూడా మనం నేర్పాలి. మొదటి రోజుల్లో తెల్ల మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడతాయని కూడా ముందే చెప్పాలి, లేకపోతే మూడో రోజుకు ట్రే పక్కన పడేస్తారు.

కమ్యూనిటీ_డెంటల్

ఇద్దరూ టీఎఫ్ 5, ఆ పైన ఉన్నవాళ్ళను వదిలేశారు. గుంటలు పడ్డ పంటికి మైక్రోఅబ్రేషన్ చాలదు, అందరికీ పింగాణీ వెనీర్ స్తోమత ఉండదు. వీళ్ళకు కావాల్సింది చేత్తో వేసే కాంపోజిట్. అదే మన పిల్లలకు బలహీనం. రబ్బర్ డ్యామ్ వేశాక షేడ్ (పంటి రంగు) చూస్తారు, అప్పటికే పన్ను ఆరి తెల్లబడి ఉంటుంది. ఒపేకర్ (కింది రంగును కప్పే పూత) మందంగా వేసి సున్నం కొట్టినట్టు చేస్తారు. ఒపేక్ పొర ఒక మిల్లీమీటర్ లోపే ఉండాలి, క్యూరింగ్ (లైటుతో గట్టిపరచడం) ఎక్కువసేపు. మామూలు పొరకు కూడా 2 మిల్లీమీటర్లే హద్దు. చాలా క్లినిక్‌లలో లైటును రేడియోమీటర్‌తో కొలవనే కొలవరు. చదరపు సెంటీమీటరుకు 400 మిల్లీవాట్ల కింద ఉంటే లోపల మెత్తగా మిగిలిపోవచ్చు, అప్పుడు పాలిష్ కూడా నిలవదు.

పాలమూరు_డెంటిస్ట్

కాంపోజిట్ మాట నిజం. వరుస మార్చేదానికి కూడ నేను అడ్డం చెప్ప, వెనీర్‌కు రెండు వారాలు చాలవన్నది తప్ప. అసలు తిప్పలు పిల్లలు పూర్తి చెయ్యాల్సిన కేసుల కోటాల ఉన్నది. లాగ్ బుక్‌ల పూడ్చిన పన్ను లెక్కకొస్తది, చెక్కిన పన్ను లెక్కకొస్తది. చెక్కకుండ ఆపిన పంటికి ఒక్క మార్కు లేదు. పిల్లలు బర్ దిక్కే పోతరు మరి. ముందు అది మార్చుండ్రి.

కన్జర్వేటివ్_టీచర్ (నల్గొండ)

ఒప్పుకుంటున్నాను. బ్లీచింగ్ కేసును వెనీర్ కేసుకు సమానంగా లెక్కేయాలి: మొదటి రోజు, రెండో వారం, ఆపిన రెండు వారాలకు, మూడు ఫొటోలతో.

పాలమూరు_డెంటిస్ట్

అచ్చంపేట నుంచి ఒక ఫొటో కోసం మూడుసార్లు బస్సెక్కి రారు సర్. ఇంటి నుంచే ఫోన్‌ల తీసి పంపమందాం, కానీ ఫోన్ ఫొటో రంగును నమ్మలేం. మొదటి రోజే ఆ పేషెంటు షేడ్ ట్యాబ్‌కు (పంటి రంగు పోల్చే నమూనాకు) ప్లాస్టిక్ నకలు చేసి చేతికియ్యండి. పంటికి ఆనించి, ఫ్లాష్ ఆపి, పొద్దటి పూట కిటికీ దగ్గర తీయమనండి. రెండూ ఒక్క ఫొటోల పడితే తేడా కనబడ్తది.