పాత 981 బాక్‌స్టరా, కొత్త 718 బాక్‌స్టరా: మన అనంతగిరి ఘాట్ మీద ఏది నడపడానికి బాగుంటుంది?

లాసన్స్ బే 981 (చర్చ మొదలుపెట్టినవారు)

పోయిన ఆదివారం తెల్లవారుజామున నా 2013 నాటి పోర్షా 981 బాక్‌స్టరూ, ఈ వేదికలోనే పరిచయమైన మధురవాడ మిత్రుడి 2018 నాటి 718 బాక్‌స్టరూ విశాఖ నుంచి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అనంతగిరికి బయలుదేరాయి. ఘాట్ దారిలోని టైడా ఊరి నుంచి పైదాకా రెండుసార్లు ఎక్కాం. మొదటిసారి ఎవరి బండి వారు నడుపుకున్నాం, రెండోసారి తాళాలు మార్చుకున్నాం. రెండూ పీడీకే (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్సు ఉన్న బేస్ మోడళ్లే కనుక పోలిక న్యాయంగానే జరిగిందని నా నమ్మకం. పైన కాఫీ తాగుతూ మొదలైన వాదన కిందికి వచ్చేదాకా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

ఈ బండ్లతో పరిచయం లేనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. 981, 718 అనేవి పోర్షా రెండు సీట్ల స్పోర్ట్స్ కారు బాక్‌స్టర్‌లో వేర్వేరు తరాల పేర్లు. రెండింటిలోనూ ఇంజిన్ సీట్ల వెనక, వెనక ఇరుసుకు ముందు ఉంటుంది. 2012లో వచ్చిన 981లో ఆరు సిలిండర్లతో, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే యంత్రం) లేని 2.7 లీటర్ల ఇంజిన్ ఉంది. దాని శక్తి 265 హార్స్‌పవర్, టార్క్ (తిప్పే బలం) 280 న్యూటన్ మీటర్లు. దాని స్థానంలో 2016లో వచ్చిన 718లో నాలుగు సిలిండర్ల 2 లీటర్ల టర్బో ఇంజిన్ పెట్టారు. శక్తి 300కు, టార్క్ 380కి చేరాయి, బరువు మాత్రం 25 కిలోలే పెరిగింది. నూరు కిలోమీటర్ల వేగం అందుకోవడంలో కొత్తది 0.8 సెకను ముందుంటుంది. కాగితం మీద వాదనకు చోటే లేదు.

అయినా నడపడానికి 981యే బాగుందని నేనంటున్నాను. శబ్దం గురించి అందరూ మాట్లాడతారు కనుక దాన్ని పక్కన పెడతాను, నాది పాదం కింద తెలిసే సంగతి. టైడా దాటాక ఎడమకు తిరిగే ఒక హెయిర్‌పిన్ మలుపు ఉంది. ఆ ఉదయం కొండ మీది ఊట నీరు అక్కడ రోడ్డుకు అడ్డంగా పారుతోంది, పైన తడిసిన ఆకులు. నా బండిలో రెండో గేరులో ఆ మలుపులోకి వెళ్లి, బండి ముక్కు తిరగగానే యాక్సిలరేటర్‌ను గోరంత నొక్కితే గోరంతే వచ్చింది, ఇంకొంచెం నొక్కితే ఇంకొంచెమే వచ్చింది. వెనక చక్రాల మీద ఎంత బరువు పడుతున్నదో అరికాలితో కొలుస్తున్నట్టే ఉంది. అదే మలుపులో 718తో అదే పని చేస్తే మొదట అర క్షణం ఏమీ జరగలేదు, ఆ తరువాత నేను అడిగినదానికన్నా ఎక్కువ ఒక్కసారిగా వచ్చిపడింది. వెనక భాగం తడిలో జానెడు పక్కకు జరిగింది, చక్రాలు జారుతున్నాయని చెప్పే ట్రాక్షన్ దీపం మిణుకుమంది, ఎలక్ట్రానిక్స్ సర్దేశాయి. ప్రమాదమేమీ లేదు. కాకపోతే ఆ మలుపు తిప్పింది నేను కాదు.

మధురవాడ టర్బో

ఆ 718 నాదే. లాసన్స్ బే గారు చెప్పిన జారుడు నిజమే, పక్క సీట్లో కూర్చుని నేనూ చూశాను. కానీ ఆయన బండిని నార్మల్ మోడ్‌లో నడిపారు. స్పోర్ట్ మోడ్‌లో పెడితే, కాలు కాసేపు తీసినా ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ తలుపు వెంటనే మూసుకుపోకుండా టర్బోలో ఒత్తిడి నిలిచి ఉండేలా ఇంజిన్ చూసుకుంటుంది. ఆయన చెప్పిన ఆ అర క్షణం చాలావరకు తగ్గుతుంది. ఆ మీట ఆయనకు చూపించకపోవడం నా పొరపాటు.

ఇక అసలు విషయానికి వస్తాను. 981 ఇంజిన్ పూర్తి శక్తి 6,700 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర వస్తుంది, పూర్తి టార్క్ 4,500 దాటితేగాని రాదు. పైగా దాని గేర్లు ఎంత పొడవుగా ఉంటాయంటే, రెండో గేరులోనే నూరు కిలోమీటర్లు దాటుతుంది. అంటే అభిమానులు పొగిడే ఆ పైస్వరం వినాలంటే, ఎదురుగా ఆర్టీసీ బస్సు ఎప్పుడు వస్తుందో తెలియని ఘాట్‌లో నూరు మీద నడపాలి. బుద్ధి ఉన్నవాడెవడూ నడపడు, నడపకూడదు కూడా. నా బండిలో పూర్తి టార్క్ 1,950 నుంచి 4,500 వరకు, అంటే మన ఘాట్‌లో ఇంజిన్ నిజంగా తిరిగే వేగాల్లోనే, చేతికి అందుబాటులో ఉంటుంది. సరుకుతో ఎక్కుతున్న లారీని దాటడానికి యాభై మీటర్ల తిన్నని దారి దొరికితే 718 దాటేస్తుంది, 981 రెండు గేర్లు దించి ఆలోచించుకుంటుంది.

ఇంకొకటి ఎవరూ పట్టించుకోరు. ఆ దారి సముద్ర మట్టానికి వెయ్యి మీటర్లు దాటి ఎక్కుతుంది. ఆ ఎత్తున గాలి సాంద్రత పదో వంతు దాకా తగ్గుతుంది. టర్బో లేని ఇంజిన్ పీల్చే గాలే అంత తగ్గిపోతే శక్తీ దాదాపు అంత తగ్గుతుంది. బీచ్ రోడ్డులో 265 ఉన్న గుర్రాలు పైకి వెళ్లేసరికి 240 దగ్గర నిలుస్తాయి. టర్బో ఆ లోటును ఒత్తిడితో పూడ్చుకుంటుంది. నాలుగు సిలిండర్లు పోర్షాకు తగవని కొందరనే మాట కూడా సరికాదు. 1957 నాటి 718 రేసు కారు పేరే దీనికి పెట్టారు. 1959లోనూ 1960లోనూ సిసిలీ కొండదారుల మీద జరిగే టార్గా ఫ్లోరియో పందెం గెలిచిన ఆ కారులో ఉన్నవి నాలుగు సిలిండర్లే.

పాత స్టీరింగు

ఇద్దరి వాదనా చదివి నవ్వుకున్నాను, కోపగించుకోకండి. నేను ఆరేళ్లు, 981కి ముందు తరమైన 987 బాక్‌స్టర్ నడిపి అమ్మేసినవాణ్ణి. మీ 981 వచ్చిన రోజుల్లో మేమంతా దాని మీద ఇలాగే విరుచుకుపడ్డాం. మా బండిలో స్టీరింగుకు హైడ్రాలిక్ సాయం ఉండేది, 981లో దాన్ని తీసేసి కరెంటు మోటారు పెట్టారు. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 60 మిల్లీమీటర్లు పెంచారు. బండి పెద్దదైంది, స్టీరింగు మూగబోయింది, ఇక బాక్‌స్టర్ పని అయిపోయిందన్నాం. ఇప్పుడు అదే 981ని లాసన్స్ బే గారు పాత బంగారంలా చూపిస్తున్నారు. అంతకుముందు 1996లో మొదటి బాక్‌స్టర్ నీటితో చల్లబడే ఇంజిన్‌తో వచ్చినప్పుడు గాలితో చల్లబడే పోర్షా 911 నడిపేవారు ఏమన్నారో మీరే ఊహించుకోండి. ప్రతివారికీ తాను నడిపిన బండి దగ్గరే మంచికాలం ఆగిపోతుంది.

అలాగని తేడాలన్నీ భ్రమేనని నేననను. 987లో రుషికొండ నుంచి భీమిలి వైపు వెళ్తుంటే మంగమారిపేట దాటాక గాలికి కొట్టుకొచ్చిన ఇసుక రోడ్డు అంచున పలచగా పరుచుకుని ఉండే చోట, కంటికి కనబడకముందే స్టీరింగు బరువు వేళ్లలో తేలికైపోయేది. తారు మీద వేసిన అతుకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చేతికి తెలిసేది. ఆ సమాచారం 981లో సగానికి తగ్గింది. 718లో స్టీరింగు పది శాతం చురుకైంది, ముక్కు ఇంకా వేగంగా తిరుగుతుంది, కానీ చురుకుదనం వేరు, కబురు చెప్పడం వేరు. కనుక స్టీరింగు లెక్కన మీ ఇద్దరివీ నా దృష్టిలో కొత్త బండ్లే. మీరు తేల్చుకోవలసింది ఇంజిన్ ఒక్కటే.

గ్యారేజీ మనిషి

నడపడం మీ పని, విప్పడం నా పని కనుక ఒక మాట చెప్పి తప్పుకుంటాను. 981 అయినా 718 అయినా ముందు బంపర్‌లో రెండు పక్కలా ఉన్న గాలి రంధ్రాల వెనకే రేడియేటర్లు ఉంటాయి. బీచ్ రోడ్డులో తిరిగే బండ్లలో ఆ రంధ్రాల్లోంచి ఎండాకులు, ఇసుక, ప్లాస్టిక్ సంచుల ముక్కలు పిడికిళ్లకొద్దీ తీస్తుంటాను. ఉప్పు గాలికి తడిసిన ఆ చెత్త అక్కడే ఉండిపోతే అల్యూమినియం రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి. ఏటా వర్షాకాలం ముందు బంపర్ విప్పించి కడిగించుకోండి. ఏ ఇంజిన్ గొప్పదో ఆ తరువాత వాదించుకోవచ్చు.

718 చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే మన ఫిషింగ్ హార్బర్‌లో మరపడవ కదిలినట్టే ఉంటుందని మా కుర్రవాడు అంటాడు. నేను కాదనలేకపోయాను.

లాసన్స్ బే 981

మరపడవ మాట నేననలేదని మధురవాడ గారు గమనించాలి.

గేర్ల పొడవు, ఎత్తు గురించి ఆయన చెప్పిన రెండూ ఒప్పుకుంటున్నాను. పైకి వెళ్లేకొద్దీ నా బండి బద్ధకించడం నాకు అనుభవమే, లారీలను దాటడంలో ఆయనదే పైచేయి. అయితే ఆ వాదన శబ్దం కోసం, వేగం కోసం 981 కొనేవారికి సమాధానం. నేను చెప్పిన మలుపు ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్ల వేగంలో జరిగింది. అక్కడ ఇంజిన్ రెండున్నర వేల లోపే తిరుగుతోంది. పాదానికీ చక్రానికీ మధ్య ఉండే లెక్క తప్పకపోవడానికి ఏడు వేల ఆర్‌పీఎం అవసరం లేదు, నూరు కిలోమీటర్ల వేగమూ అవసరం లేదు. నెమ్మదిగా వెళ్లేటప్పుడే, అందులోనూ తడిలో, అది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పొడవాటి గేర్లను నేనూ తిట్టుకుంటాను. ఐతే మలుపు మధ్యలో గేరు మార్చవలసిన అవసరం రాకుండా అదే రెండో గేరు మొదటినుంచి చివరిదాకా మోసుకుపోతుంది కూడా.

టార్గా ఫ్లోరియో గెలిచిన 718లో నాలుగు సిలిండర్లు ఉన్నమాట నిజమే, టర్బో మాత్రం లేదు. నా ఫిర్యాదు సిలిండర్ల లెక్క మీద కాదు. నాలుగున్నా, టర్బో లేకపోతే నేను ఈ చర్చే పెట్టేవాణ్ణి కాదు.

కంపెనీ కూడా ఈ ఫిర్యాదు విన్నట్టే ఉంది. 2020లో ఇదే 718లో ఆరు సిలిండర్లతో, టర్బో లేని 4 లీటర్ల ఇంజిన్ పెట్టి, 400 హార్స్‌పవర్‌తో జీటీఎస్ 4.0 అనే ఖరీదైన రకం తెచ్చింది. అంతకుముందు అదే జీటీఎస్ పేరుతో అమ్మింది 2.5 లీటర్ల టర్బో ఇంజిన్‌ను. ఉద్గారాల నిబంధనల కోసం చిన్న ఇంజిన్‌కు దిగినవాళ్లు, ఆ నిబంధనలు ఇంకా బిగుస్తున్న రోజుల్లో వెనక్కి వచ్చారంటే ఊరికే రారు.

స్టీరింగు విషయంలో పాత స్టీరింగు గారి ముందు తలవంచుతున్నాను. ఆయన 987 నేను ఒక్కసారే నడిపాను, అమ్మే ముందు నాకు చెప్పి ఉండవలసింది.

మధురవాడ టర్బో

నిన్న ఉదయం నేనొక్కణ్ణే మళ్లీ వెళ్లి, అదే హెయిర్‌పిన్‌ను నార్మల్‌లో రెండుసార్లు, స్పోర్ట్‌లో మూడుసార్లు ఎక్కాను. వాన లేదు కానీ ఊట ఇంకా పారుతోంది. స్పోర్ట్‌లో ఆలస్యం దాదాపు పోయింది, ఆ మాట మీద నిలబడతాను. కానీ నిజాయితీగా ఇంకొకటి చెప్పాలి. ఆ మోడ్‌లో గేర్‌బాక్సు ఒక గేరు తక్కువలోనే పట్టుకుని ఉంటుంది కనుక మలుపు బయటపడ్డాక కూడా ఇంజిన్ ఒకటే మోత మోగుతుంది. దిగుతున్న ఒక కుటుంబం కారు అద్దం దించి మరీ చూసింది. టార్క్ వచ్చే తీరు కూడా, ఆలస్యం పోయినా, 981లోలా గోరంతకు గోరంతగా లేదు, కొంచెం మెట్టు మెట్టుగానే ఉంది. మూడోసారి నేనే కాలు ఇంకా మెల్లగా, ముందుగా పెట్టడం నేర్చుకున్నాను. బండి జారలేదు, దీపం వెలగలేదు. అంటే ఈ ఇంజిన్‌కు మలుపు మధ్యలో అడగకూడదు, మలుపులోకి వెళ్లేటప్పుడే అడిగి ఉంచాలి. లాసన్స్ బే గారు దాన్ని లోపమంటారు, నేను అలవాటంటాను. ఇదీ నడపడంలో భాగమే, నేర్చుకుంటే దీనికీ ఒక రుచి ఉంది.

జీటీఎస్ 4.0 ఉదాహరణ మాత్రం ఒప్పుకోను. దాని టార్క్ 420 న్యూటన్ మీటర్లు. రెండు లీటర్లకు టర్బో ఇచ్చిన బలాన్ని అక్కడ నాలుగు లీటర్ల పరిమాణం ఇస్తోంది. దానికన్నా ఎంతో తక్కువ ధర ఉన్న బేస్ 718లో చివరిదాకా నాలుగు సిలిండర్లే ఉంచారు. 2025లో ఈ మోడల్ తయారీ ఆగిపోయేదాకా అది మారలేదు. మన చర్చ మన ఇద్దరి బేస్ బండ్ల గురించి కనుక, పోల్చవలసింది మీ 2.7ను నా 2.0తోనే.

గ్యారేజీ మనిషి గారూ, ఈ చర్చ పుణ్యమా అని టార్చిలైటు వేసి నా బండి ముందు రంధ్రాల్లో చూశాను. కుడివైపు సగం దాకా సరుగుడు ఆకులే ఉన్నాయి. బుధవారం తీసుకొస్తాను, లాసన్స్ బే గారిది కూడా వెంటబెట్టుకొస్తే ఒకేసారి రెండూ విప్పుతారా?