టెర్రస్ మీద బడ్జీలకి, కాకటీల్స్‌కి పెద్ద కేజ్ కడుతున్నాం, ఏ మెష్ తీసుకోవాలి?

పేట_బర్డ్స్ (నరసరావుపేట):
అందరికీ నమస్తే. మేడ మీద వాటర్ ట్యాంక్ పక్కన ఎనిమిదడుగుల పొడవు, ఐదు వెడల్పు, ఆరున్నర ఎత్తులో ఏవియరీ కడదామనుకుంటున్నాం, మనిషి లోపలికెళ్ళి ఊడ్చుకునేలా. ఇప్పుడున్నవి చిలక జాతివే, బడ్జీలు, ఒక జత కాకటీల్స్, తర్వాత పిచ్చుకల్లాంటి జీబ్రా ఫించెస్ కూడా తెద్దామని ఉంది. షాపులో మూడు రకాలు చూపించాడు, తెల్లగా మెరిసే జీఐ వెల్డ్ మెష్, పచ్చ ప్లాస్టిక్ కోటింగ్ ఉన్నది, ఇంకోటి కోళ్ళకి వాడే ఆరు మూలల జాలీ. అన్నీ పిట్టలకి వాడేవేనండీ అంటున్నాడు గానీ జింక్ వల్ల చిలక జాతికి ప్రమాదం అని విన్నా. సొంతంగా కట్టి ఏళ్ళ తరబడి వాడుతున్నవాళ్ళు చెప్తే బాగుంటుంది.

పాతబస్తీ_పావురం (హైదరాబాద్):
అన్నా, ముందుగాల పిట్ట ముక్కు చూసి జాలీ కొనాలె, రేటు చూసి కాదు. ఫించెస్ జాలీ పట్టుకొని వేలాడతయి గానీ కొరకవు. బడ్జీ, కాకటీల్, లవ్ బర్డ్ అట్ల కాదు, ఎక్కాలన్నా దిగాలన్నా ముక్కే వాటికి మూడో కాలు, దినమంతా తీగ నోట్లనే ఉంటది, ఏం పని లేకుంటే ఒక్క జాగల కూసొని గీకుతనే ఉంటయి. జీఐ అంటే ఇనుము మీద జింక్ పూత, ఆ పొట్టు కడుపులకు పోతే విషమే. మా గల్లీల ఫించెస్ అన్నీ జీఐ జాలీలనే ఉన్నయి, ఏండ్ల సంది మంచిగనే ఉన్నయి. అదే జాలీల కాకటీల్స్ పెట్టుమని మాత్రం నేను ఎవ్వరికీ చెప్ప.

సుజాత_కాకినాడ:
పైన అన్నది నిజమండి. మా పక్కింటివాళ్ళ కాకటీల్‌కి ఇదే జరిగింది, కొత్త కేజ్‌లోకి మార్చాక కొద్ది రోజులకే మేత తగ్గించేసింది, నీళ్ళు మాత్రం తెగ తాగేది, రెట్ట పచ్చగా నీళ్ళగా పడేది, తర్వాత కక్కడం మొదలెట్టింది, చివరికి కొమ్మ మీద నిలబడలేక కిందకి దిగి ఈకలు ఉబ్బించుకుని కూర్చునేది. పక్షుల్ని చూసే డాక్టరుగారు ఎక్స్‌రే తీయిస్తే కందనకాయలో లోహం ముక్కలు తెల్ల చుక్కల్లా కనిపించాయి. కాల్షియం ఈడీటీఏ ఇంజెక్షన్లు ఇచ్చారు, అది ఒంట్లోని జింక్, సీసం లాంటివాటిని పట్టుకుని మూత్రంతో బయటికి పంపేస్తుంది. అదృష్టం బాగుండి బతికింది. దీనికి న్యూ వైర్ డిసీజ్ అని పేరు కూడా ఉంది, అంత మామూలు విషయం ఇది. ఎవరి పిట్ట అయినా కేజ్ మారాక ఇలా అయితే డాక్టరు దగ్గర కేజ్ సంగతి తప్పకుండా చెప్పండి, ఉత్త విరేచనాలు అని చెప్తే ఆ వైద్యమే చేస్తారు. ఆ మందు ఇంట్లో మనం వేసుకునేది కాదు, వెట్ చేతిలోనే ఉండాలి.

ఫ్యాబ్రికేటర్_రమణ (విజయవాడ):
నా పనే ఇది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా. జీఐ మెష్ అంతా ఒకటి కాదు. ఒక రకంలో ముందు తీగకి జింక్ పూసేసి ఆ తర్వాత వెల్డ్ చేస్తారు, వెల్డ్ పడ్డ చోట వేడికి పూత కాలిపోతుంది, తీగలు కలిసే ప్రతి చోటా నల్లగా చిన్న మచ్చ కనపడుతుంది, ఒక వానాకాలం పోగానే అక్కడే తుప్పు మొదలు. ఇంకో రకంలో వెల్డింగ్ అంతా అయిపోయాక మెష్ మొత్తాన్ని కరిగిన జింక్ తొట్టిలో ముంచి తీస్తారు, 450 డిగ్రీల వేడిలో. ఇది గట్టిది, కలిసే చోట్ల కూడా పూత నిండుగా పడుతుంది, బయట ఎండావానకి చాలా ఏళ్ళు ఆగుతుంది. కానీ తొట్టిలోంచి తీసేటప్పుడు కారిన జింక్ అక్కడక్కడా బొట్లు బొట్లుగా, సూది మొనల్లా, మూలల్లో పల్చటి పొరలా గట్టిపడి ఉండిపోతుంది. పిట్టకి అసలు ప్రమాదం వాటితోనే, కాకటీల్ ముక్కుకి ఇట్టే ఊడొస్తాయి, కొన్ని తొట్టెల్లో సీసం కూడా కలిసి ఉంటుంది.

అందుకని కొనేటప్పుడు రోల్ కొంచెం విప్పించి పాత నూలుగుడ్డ పెట్టి రెండువైపులా లాగి చూడండి, గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ మొన ఉన్నట్టే. తెల్లటి పొడి పట్టిన రోల్ అసలు తీసుకోవద్దు, అది గోడౌన్‌లో చెమ్మకి జింక్‌కి పట్టిన తుప్పు, చేత్తో రుద్దితేనే రాలుతుంది, ఇక పిట్ట నాకితే ఏమవుతుందో ఆలోచించండి. కరెంటుతో జింక్ పట్టించే, పూత పల్చగా నున్నగా ఉండే ఎలక్ట్రో రకం కూడా దొరుకుతుంది, బొట్లుండవు, ఇంట్లో నీడలో పెట్టే చిన్న కేజ్‌కి పర్లేదు, మేడ మీదకి ఆగదు.

పేట_బర్డ్స్:
రమణ గారూ చాలా థాంక్స్, ఇంత వివరం షాపులో ఎవరూ చెప్పలేదు. వెనిగర్‌తో కడిగితే జింక్ పోతుంది అంటున్నారు కదా, అది నిజమేనా?

ఫించ్_ఫ్యామిలీ (వరంగల్):
మొత్తం పోదు సార్, పోతే ఇక మిగిలేది ఉత్త ఇనుమే గదా. పైన వదులుగ ఉన్న పొట్టు, తెల్ల పొడి వరకు పోతది. మేము చేసేది ఏందంటే మెష్‌ను ఎండల నేల మీద పరిచి ముందుగాల వైర్ బ్రష్‌తోని రెండు వైపుల గట్టిగ రుద్దుతం, బొట్లు ఉంటే ఆకురాయితోని తీస్తం, కిరాణాల దొరికే మామూలు వెనిగర్ గుడ్డతోని పట్టించి కాసేపాగి మళ్ళ బ్రష్, తర్వాత పైపు పెట్టి నీళ్ళతోని బాగా కడుగుడు. అట్ల చేసి ఎండకు వానకు కొన్ని వారాలు బయటనే వదిలేస్తే ఇంకా మంచిది. మాస్కు కట్టుకొని చెయ్యాలె, ఆ దుమ్ము మనకు కూడ మంచిది కాదు. రాత్రంత వెనిగర్‌ల నానబెట్టుడు మాత్రం వద్దు, పూతే కరిగిపోయి నెలకే తుప్పు పడ్తది. ఇదంతా ప్రమాదం తగ్గించుడే, లేకుంట చేసుడు కాదు.

బీచ్‌రోడ్_బడ్జీ (విశాఖ):
చిలక జాతికి స్టెయిన్‌లెస్ స్టీల్ ఒక్కటే మనశ్శాంతి. రేటు జీఐ కంటే బాగా ఎక్కువే, నేను కాదనను, కానీ కొరికినా నాకినా ఊడే పూత ఉండదు, కడగడం తేలిక, మళ్ళీ మార్చే పని లేదు. అయితే ఎస్‌ఎస్ అని అడిగితే సరిపోదు, 304 గ్రేడ్ అని అడగాలి, బిల్లు మీద రాయించుకోవాలి. చాలాచోట్ల 202 ఇచ్చేస్తారు, దాంట్లో నికెల్ తక్కువ, మాంగనీస్ ఎక్కువ, మా సముద్రపు గాలికి గోధుమరంగు మరకలు వచ్చేస్తాయి. తీరానికి బాగా దగ్గరగా ఉంటే 316 ఇంకా మేలు, దాంట్లో మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకి ఆగుతుంది.

అయస్కాంతం పెట్టి చూడమంటారు, దాంతో జీఐ పట్టేయొచ్చు, గట్టిగా అంటుకుపోతుంది. కానీ 202 కి, 304 కి తేడా దాంతో తెలీదు, రెండూ అంటుకోవు. పైగా ఫ్యాక్టరీలో తీగని సన్నగా సాగదీసినప్పుడు 304 కి కూడా కొంచెం అయస్కాంత గుణం వస్తుంది, కాస్త లాగినంత మాత్రాన నకిలీ అని షాపువాడితో గొడవ పడొద్దు. గ్రేడ్ చూసే చుక్కల మందు చిన్న సీసాల్లో దొరుకుతుంది, స్టీల్ షాపుల్లో చాలామంది దగ్గర ఉంటుంది, మన ముందే వేసి చూపించమనండి.

కోనసీమ_గూడు:
రంధ్రం సైజు గురించి ఎవరూ చెప్పలేదేంటండి, మా వైపు అదే పెద్ద సమస్య. అంగుళం రంధ్రం బడ్జీలకి అస్సలు వద్దు, తల దూర్చి ఇరుక్కుంటాయి. అరంగుళం దాటొద్దు. దాంట్లోంచి పెద్ద ఎలక రాదు గానీ చిట్టెలుక వచ్చేస్తుంది, దానికి అరంగుళం సందు చాలు, గింజలు తిని ఉచ్చ పోసి జబ్బులు తెస్తుంది. అందుకే కింద రెండడుగుల వరకూ బయటినుంచి పావంగుళం మెష్ ఇంకో వరస కొట్టించాం. పాము కూడా అంతే, సన్నగా ఉన్నప్పుడు సందులోంచి దూరి పిట్టని మింగాక పొట్ట ఉబ్బి బయటికి రాలేక పొద్దున్న కేజ్‌లోనే చుట్ట చుట్టుకుని కనిపిస్తుంది, ఇటువైపు పిట్టలు పెంచేవాళ్ళని ఎవర్నడిగినా చెప్తారు.

పిల్లికి, గుడ్లగూబకి, డేగకి ఒక వరస చాలదు. రాత్రి పిట్ట జాలీకి వేలాడి పడుకుంటే బయటినుంచి కాలు పట్టి లాగేస్తాయి. ఫ్రేమ్‌కి లోపలొకటి బయటొకటి, మధ్య రెండంగుళాల ఖాళీ ఉండేలా రెండు వరసలు వేస్తే గోరు అందదు. ఖరీదు తగ్గాలంటే ముక్కు తగిలే లోపలి వరస ఎస్‌ఎస్, బయటిది జీఐ వేసుకోవచ్చు. దోమతెర కూడా బయటి వైపే కట్టండి, పిట్టలకి కళ్ళ చుట్టూ, ముక్కు దగ్గర వచ్చే పాక్స్ కురుపులు దోమల వల్ల కూడా వస్తాయి.

ఫ్యాబ్రికేటర్_రమణ:
కోనసీమ గారు చెప్పిన పద్ధతి బాగుంది, నేనూ అదే చెప్తా. గేజ్ నంబర్ పెరిగే కొద్దీ తీగ సన్నం అవుతుంది, 14 అంటే 2 ఎంఎం, 16 అంటే 1.6, 20 అంటే 0.9. షాపులో గేజ్ మాటలు వదిలేసి ఎంఎం లో అడగండి. బడ్జీ, ఫించ్‌లకి 1.2 నుంచి పైకి, కాకటీల్స్‌కి 1.6 తీసుకోండి.

మిగతా రెండు రకాలూ వద్దు. పచ్చ కోటింగ్‌ని కాకటీల్ వలిచేస్తుంది, ఆ ప్లాస్టిక్ ముక్కలు మేతసంచిలో అడ్డుపడతాయి, కింద ఉన్నది ఎలాగూ జింకే. ఆరు మూలల జాలీ వెల్డ్ కాదు, ఉత్త మెలిక, వదులైతే గోళ్ళు ఇరుక్కుంటాయి, సన్న రకాన్ని ఎలకలు కొరికేస్తాయి.

ఫ్రేమ్ జీఐ పైపు అయితే వెల్డింగ్ అబ్బాయిని జాగ్రత్త పడమనండి, జింక్ కాలిన తెల్లపొగ పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం వస్తుంది. జింక్ పూత లేని బ్లాక్ పైపు తీసుకుని పెయింట్ వేయించుకోవడం మేలు. 2017 నవంబర్ నుంచి ఇళ్ళకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని రూల్ ఉంది, కానీ ఇండస్ట్రియల్ పెయింట్లకి అది లేదు, కాబట్టి డబ్బా మీద చూసి తీసుకోండి, పూర్తిగా ఆరి వాసన పోయాకే పిట్టల్ని వదలండి.

చిన్ని_చిలక (కర్నూలు):
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, ఇదే సైజు కేజ్‌లో రామచిలకల జత పెంచుకోవచ్చా?

పాతబస్తీ_పావురం:
వద్దమ్మా, రామచిలుక మన అడవి పిట్ట, 1972 వన్యప్రాణి చట్టం కింద పట్టుడు, అమ్ముడు, పెంచుడు అన్నీ నేరమే. మునియా పిట్టలు కూడ అంతే. ఎవరన్న అమ్మజూపితే కొనకు, గూట్లకెళ్లి పిల్లలను గుంజుకొచ్చి అమ్ముతరు, సగం దారిలనే చస్తయి. బడ్జీలు, కాకటీల్స్ పెంచుకో.

పేట_బర్డ్స్:
అందరికీ థాంక్స్. లోపల 304 అరంగుళం, 1.6 ఎంఎం, బయట జీఐ కడిగి వేస్తున్నాం. ఫించెస్‌కి పక్కన విడిగా చిన్న భాగం. మెష్‌ని ఫ్రేమ్‌కి దేంతో బిగించాలి, బైండింగ్ వైర్ చాలా?

సుజాత_కాకినాడ:
బైండింగ్ వైర్ వద్దండి, సన్నది, మెత్తది, కాకటీల్ విప్పేస్తుంది, కొన మింగుతుంది. ఎస్‌ఎస్ స్క్రూలు, వాషర్లు వాడండి. కోసిన తీగ కొనలు లోపలికి పొడుచుకు రాకుండా ఫ్రేమ్ అంచు మీద పట్టీ కొట్టించండి. తలుపు గొళ్ళెం, గొలుసు, బొమ్మలు తగిలించే కొక్కేలు, గంటలు కూడా చూసుకోవాలి, మెష్‌కి అంత ఖర్చు పెట్టి ఇవి చవకవి తెస్తారు, వాటి మీద కూడా జింకే ఉంటుంది, ఇత్తడిలో కూడా జింక్ ఉంటుంది. పని అయిపోయాక నేలంతా అయస్కాంతంతో ఊడవండి, జీఐ తీగ ముక్కలు ఒక్కటి మిగిలినా అవి వెతికి మరీ తింటాయి. ఎస్‌ఎస్ ముక్కలు అయస్కాంతానికి సరిగా రావు కాబట్టి వాటిని చేత్తోనే ఏరాలి.