సైరన్ నొక్కడానికి ఎవరి పర్మిషన్ కావాలి?

నైట్‌షిఫ్ట్_పరవాడ:
ఫార్మా ప్లాంట్‌లో పనిచేస్తున్నాను, కంపెనీ పేరు వద్దు. పోయిన నెల నైట్ షిఫ్ట్‌లో మా బ్లాక్‌లో సాల్వెంట్ వాసన ఘాటుగా వచ్చింది. ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్ట్ హెల్పర్ ఒకడు అద్దం పగలగొట్టి అలారం నొక్కేశాడు. బ్లాక్ మొత్తం బయటికొచ్చింది. తీరా చూస్తే ఒక పంపు దగ్గర గ్యాస్కెట్ (జాయింట్‌లో లీకు ఆపే సీలు) కారుతోంది, కాసేపట్లో సరిచేశారు. తెల్లారేసరికి ఆ కుర్రాడికి మెమో. దాంతోపాటు ఒక సర్క్యులర్: ఇకమీదట షిఫ్ట్ ఇన్‌చార్జి స్వయంగా వెళ్లి చూసి సరే అన్నాకే సైరన్. "జనం కంగారుపడితే అదే పెద్ద ప్రమాదం" అని కారణం రాశారు. సేఫ్టీ కమిటీలో దీనిమీద మాట్లాడాలి. మీరేమంటారు?

రియాక్టర్_రావు:
మెమో ఇవ్వడం అన్యాయం, ఒప్పుకుంటా. సర్క్యులర్‌ని మాత్రం సమర్థిస్తా. ప్రొడక్షన్‌లో ఉన్నవాడిగా చెబుతున్నా, వేడి పుట్టించే రియాక్షన్ నడుస్తున్నప్పుడు అందరూ ఒక్కసారి వదిలేసి పరుగెడితే కూలింగ్ ఎవరు చూస్తారు? చిన్న లీకు నుంచి తప్పించుకుని పెద్ద పేలుడు తెచ్చుకున్నట్టవుతుంది. ఇంకోటి, వాసన వచ్చినప్పుడల్లా సైరన్ మోగితే నాలుగోసారి ఎవడూ లేవడు. నాన్నా పులి కథే.

మనసు_మాస్టారు:
డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతాను. ఆ సర్క్యులర్‌లో రాసిన కారణం దగ్గరే నాకు పేచీ. ప్రమాదంలో జనం పిచ్చెత్తినట్టు పరుగెడతారన్నది సినిమాలు నేర్పిన నమ్మకం. విపత్తులమీద దశాబ్దాలుగా పరిశోధించినవాళ్లు చూసింది దాదాపు దీనికి విరుద్ధం. మొదట ఏమీ జరగనట్టే కూర్చుంటారు. పక్కవాడి ముఖం చూస్తారు. బ్యాగు సర్దుకుంటారు, ఇంటికి ఫోన్ చేస్తారు. కొందరు బిగుసుకుపోతారు. విలువైన నిమిషాలు ఇక్కడే పోతాయి.

1968లో లటానే, డార్లీ అనే ఇద్దరు అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. గదిలో కూర్చుని ఫారం నింపుతున్న మనిషి ఉన్నచోటికి గోడలోంచి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం లేచి వెళ్లి చెప్పారు. పక్కన ఇద్దరు ముందే నేర్పి కూర్చోబెట్టిన మనుషులు పట్టనట్టు ఉంటే, చెప్పినవాళ్లు 10 శాతమే. కళ్లు మండుతున్నా రాస్తూ కూర్చున్నారు. "పక్కవాడు ఊరుకున్నాడంటే ఏమీ లేదన్నమాట" అనుకోవడం మన బుర్ర పనిచేసే తీరు.

1977లో అమెరికాలోని కెంటకీలో బెవర్లీ హిల్స్ సప్పర్ క్లబ్ తగలబడి 165 మంది పోయారు. అక్కడ బల్లలు సర్దే 18 ఏళ్ల కుర్రాడొకడు, పైవాడు తేల్చకపోయేసరికి తానే స్టేజీ ఎక్కి, మైకు తీసుకుని, మంటలొచ్చాయి బయటికెళ్లండి అని దారులు చూపించాడు. స్టేజీమీద కామెడీ నడుస్తోంది కదా, కొందరు అదీ జోకులో భాగమే అనుకుని కదల్లేదు. లేచి వెళ్లినవాళ్లు వందల్లో బతికారు. మీ ఒడిశా కుర్రాడూ అదే పని చేశాడు, మెమో తీసుకున్నాడు.

చాయ్_బిస్కెట్:
మా హైటెక్ సిటీ ఆఫీసులో ఫైర్ అలారం మోగితే ముందు అందరం టీమ్స్ గ్రూపులో "ఇది డ్రిల్లేనా?" అని అడుగుతాం. మాస్టారు చెప్పింది కరెక్ట్.

రియాక్టర్_రావు:
మాస్టారూ, గదిలో పొగ వేరు, విషవాయువు వేరు. భోపాల్‌లో గాలి వాలుకే పరుగెత్తినవాళ్లు ఎక్కువ గ్యాస్ పీల్చారు. ముఖానికి తడిగుడ్డ కట్టుకోండని చెప్పే నాథుడు లేడు. ఎటు వెళ్లాలో తెలియని జనానికి సైరన్ వినిపిస్తే మేలెంత, కీడెంత?

పాత_సేఫ్టీ:
రావు గారూ, భోపాల్ పేరు ఎత్తారు కాబట్టి మొత్తం చెప్పుకుందాం. చిన్న లీకులకు ఊరు బెదిరిపోతోందని, లోపలి అలారాన్నీ ఊరికి వినిపించే సైరన్‌నీ అంతకుముందే విడదీశారు. 1984 డిసెంబరులో ఆ రాత్రి ఊరి సైరన్ కాసేపు మోగి ఆగిపోయింది. మీ సర్క్యులర్‌లో రాసిన కారణమే అక్కడా కారణం.

మన విశాఖకే వద్దాం. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ అనే రసాయనం ఆవిరై బయటికొచ్చి 12 మంది పోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఏం తేల్చిందో గుర్తుందా? సైరన్ మోగించే వీలు 36 చోట్ల ఉంది, ఒకటి గేటు దగ్గరే. ఒక్కటీ నొక్కలేదు. పక్కనే ఉన్న ఆర్ఆర్ వెంకటాపురం జనానికి ప్రమాదం సంగతి చెప్పింది వాసనే. 36 బటన్లు పెట్టినా నొక్కే ధైర్యం పెట్టలేకపోయాం. మెమోలు ఇచ్చే ప్లాంట్‌లో ఆ ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది?

ఎటు వెళ్లాలో తెలియదన్నది నిజమే. అందుకు మందు డ్రిల్లు. 1989 ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం పెద్ద ప్లాంట్లలో ఆరునెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలి. చేస్తున్నారు కూడా. ఎలా? పగలు పదకొండింటికి, ముందే నోటీసు పెట్టి, అసెంబ్లీ పాయింట్‌లో ఫొటో దిగి, రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించి. నేనూ ఏళ్లతరబడి ఆ రిజిస్టర్లు నింపినవాణ్నే. నైట్ షిఫ్ట్‌కి డ్రిల్ పెట్టిన ప్లాంట్ నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు. భోపాల్ అర్ధరాత్రి, ఎల్జీ తెల్లవారుజాము. నైట్‌లో సగంమంది కాంట్రాక్ట్ వాళ్లు, మైకులో మాత్రం తెలుగు, ఇంగ్లీషు. హిందీ, ఒడియాలో చెప్పరు. గాలి ఎటు వీస్తోందో విండ్ సాక్ చూసి తెలుసుకోవాలని వాళ్లకు ఎవరూ చూపించరు.

హెడ్‌కౌంట్ సంగతి వేరే. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలుడు జరిగాక, ఆ సమయంలో లోపల ఎంతమంది ఉన్నారో తేలడానికే రోజులు పట్టింది.

గాజువాక_వదిన:
మీరంతా గేటు లోపలి సంగతే మాట్లాడుతున్నారు. మా ఇంటికి ఫ్యాక్టరీ గోడ కనిపిస్తుంది. ఏటా ఒకసారి కలెక్టర్ ఆధ్వర్యంలో ఊరికి కూడా రిహార్సల్ జరగాలట కదా, నేను కాపురానికి వచ్చాక ఒక్కటీ చూడలేదు. సైరన్ విన్నాక తలుపులేసుకుని ఇంట్లో ఉండాలా, బయటికి రావాలా? అది ముందు చెప్పండి.

పాత_సేఫ్టీ:
అమ్మా, ఒకటే జవాబు లేదు, అదే చిక్కు. గ్యాస్‌ని బట్టి, గాలిని బట్టి మారుతుంది. గాలికి అడ్డంగా, పక్కకి వెళ్లే దారి దగ్గర్లో ఉంటే వెళ్లాలి. లేకపోతే తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కాలి. మీ పక్క ప్లాంట్‌లో ఏ రసాయనం ఉందో, ఏం చేయాలో యాజమాన్యం ముందే మీకు చెప్పాలి. అడగండి, వీలైతే పదిమంది కలిసి రాసి అడగండి.

నైట్‌షిఫ్ట్_పరవాడ:
అందరికీ థ్యాంక్స్. మీటింగ్‌లో ఇలా పెడదామనుకుంటున్నాను. బ్లాక్ అలారం ఎవరైనా నొక్కొచ్చు, దానికి మెమో ఉండదు. మొత్తం ప్లాంట్ ఖాళీ చేయించాలా, ఊరి సైరన్ మోగించాలా అన్నది షిఫ్ట్ ఇన్‌చార్జి తేల్చాలి, దానికి రెండు నిమిషాలే గడువు. గడువు దాటితే కంట్రోల్ రూమ్ ఆయన కోసం ఆగకుండా మోగించేయాలి. రావు గారి మాట ప్రకారం, రియాక్టర్‌ని సేఫ్ చేసేదాకా ఆగేది ఎవరో షిఫ్ట్ మొదట్లోనే పేరు రాయాలి, వాళ్లకు మాస్కు సెట్లు ఇవ్వాలి.

పాత_సేఫ్టీ:
మెమో సంగతికి చట్టం కూడా జతచేయండి. ప్రమాదం ముంచుకొస్తోందని కార్మికుడు హెచ్చరించే హక్కును భోపాల్ తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టంలో 41హెచ్ సెక్షన్‌గా చేర్చారు. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. హెచ్ఆర్ వాళ్లు చదివి ఉండరు.

రియాక్టర్_రావు:
రెండు నిమిషాలు చాలవు. మూడంతస్తుల బ్లాక్‌లో పైకెక్కి చూసి రావడానికే అంత పడుతుంది. అయిదు అడగండి, సంతకం పెట్టడానికి నేనొస్తా.

నైట్‌షిఫ్ట్_పరవాడ:
ఎక్కి చూడ్డం ఎందుకు సార్, గ్యాస్ డిటెక్టర్ రీడింగ్ కంట్రోల్ రూమ్‌లోనే కనపడుతుంది. మా బ్లాక్‌లో రెండు పనిచేయడం లేదనుకోండి. అదీ అజెండాలో రాస్తాను.