స్టీలు గ్లాసులో టీ వేడి కొలవడం ఎలా?

మాది విజయవాడ. మా నాన్నగారు పొయ్యి మీంచి దించిన టీ దించినట్టే తాగేస్తారు. 65 డిగ్రీలు దాటిన పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చని 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెప్పింది. అందుకే టీ 60కి దిగగానే బీప్ కొట్టే పరికరం ఒకటి ఆర్డ్యునో నానో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డుతో చేస్తున్నాను.

చిక్కంతా సెన్సర్ దగ్గరే. తాకకుండానే వేడి కొలిచే ఎంఎల్ఎక్స్90614 ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్‌ని గ్లాసు పక్కన పెడితే, పొగలు కక్కే టీకి కూడా 40 లోపే చూపిస్తోంది. మెరిసే స్టీలు తన వేడిని తక్కువగా వెదజల్లి, గది వేడినే తిప్పికొడుతుందట. పైనుంచి గురిపెడితే రీడింగ్ బాగానే వస్తుంది గానీ కాసేపటికే లెన్స్‌కి ఆవిరి పట్టేస్తోంది. వేడి కొలిచే డీఎస్18బీ20 ప్రోబ్‌ని టీలో ముంచితే గొడవే లేదు, కానీ "టీలో ఆ పుల్లేంట్రా" అంటారు. పింగాణీ కప్పు మాటెత్తితే ఇంకా కోపం!

గ్లాసు బయట నల్ల టేపు ముక్క అతికించి సెన్సర్‌ని దానివైపు తిప్పితే సరిపోతుందా? 80 డిగ్రీల దగ్గర ఆ జిగురు నిలుస్తుందా, వేడికి తట్టుకునే కాప్టాన్ టేపే వాడాలా? లేదంటే స్టాండులో గ్లాసు అడుగుకి ఆని వేడి కొలిచేలా థర్మిస్టర్ అనే చిన్న సెన్సర్ బిగించనా? గ్లాసు అడుగు కాస్త లోపలికి నొక్కి ఉంటుంది, సరిగా ఆనదు. ఇలాంటిది చేసినవాళ్ళెవరైనా ఉంటే కాస్త చెప్పండి.